సిగార్ పెట్టెలో బూజు సంగతి ఎందుకు రాయలేదు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సిగార్లు దాచుకునే హ్యూమిడార్ పెట్టెల మీద ఒక పేజీ వేశారు. నగిషీ చెక్క, ఇత్తడి తాళం, లోపల ఎర్రటి కలప, పెద్ద పెద్ద ఫొటోలు, అంతవరకూ బాగానే ఉంది. కానీ చివర్లో ఒక పేరా పెట్టారు చూడండి, విదేశాల్లో గంజాయికి చట్టం ఒప్పుకున్న చోట్ల జనం దాన్ని కూడా ఈ పెట్టెల్లోనే దాచుకుంటున్నారని, నెలల తరబడి తాజాగా ఉంటుందని, వాసన బయటకు రాదని రాసి అక్కడితో ఆపేశారు. అది చదివాక నాకు కోపమూ వచ్చింది, భయమూ వేసింది. నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఉందేమోనని డాక్టర్లు అనుమానించిన వాళ్ల కఫం శాంపిళ్లు మా బెంచీ మీదకే వస్తాయి. పుట్టి పెరిగింది మాత్రం కందుకూరు దగ్గర, పొగాకు పండించే ఊళ్లో. అటు పొగాకు గురించీ ఇటు బూజు గురించీ నాకు కొంత తెలుసు కాబట్టే రాస్తున్నాను, ఉత్తరం పెద్దదైంది, దయచేసి కత్తిరించకుండా చదవండి.

గంజాయి మంచిదా చెడ్డదా అనే వాదనలోకి నేను పోవట్లేదు. నా బాధ ఒక్కటే, మీరు ఆ పెట్టెను అందంగా చూపించి, దాంట్లో పెట్టినది మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందనే సంగతి వదిలేశారు. మన పేపర్లు ఇప్పుడు ఫోన్లో టొరంటోలోనూ డల్లాస్‌లోనూ చదువుతున్నారు. అక్కడ డాక్టర్ చీటీ మీదే గంజాయి వాడుతున్న తెలుగు పేషెంట్లున్నారు, వాళ్లలో కీమో తీసుకుంటున్నవాళ్లున్నారు. తెలుగు పేపర్లో వచ్చిందంటే నిజమే అనుకుంటారు. ఆ నమ్మకానికి తగ్గట్టు రాయాలి కదా.

హ్యూమిడార్ చేసే పని ఏమిటంటే లోపలి గాల్లో తేమను 65 నుంచి 72 శాతం మధ్య నిలబెట్టడం. సిగార్ తాగేవాళ్లు సాధారణంగా 70 శాతం తేమ, 21 డిగ్రీల వేడి అని లెక్క పెట్టుకుంటారు. అంతకు బాగా తగ్గితే సిగార్ పైన చుట్టిన ఆకు పగులుతుంది, పొగ ఘాటెక్కుతుంది. లోపల వేసే కలపను స్పానిష్ సీడర్ అంటారు, మన వేప, మహాగని ఏ కుటుంబమో ఆ చెట్టూ అదే కుటుంబం. ఆ చెక్క తేమను పీల్చుకుని మెల్లగా వదులుతుంది. దాని నూనెల వాసనకు పొగాకు పురుగు తొందరగా చేరదని కూడా సిగార్ వాళ్లు చెప్తారు (ఆ పురుగు మనకు కొత్తదేం కాదు, నిల్వ ఉంచిన పసుపు కొమ్ముల్ని తొలిచి పొడి చేసేది కూడా అదే). అంటే ఆ పెట్టెలో ప్రతి వివరమూ, కలప దగ్గర్నుంచి తేమ అంకె దాకా, పొగాకు ఆకును చూసుకుని పెట్టిందే.

పొగాకుకి తేమ ఎందుకు కావాలో మా ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. బ్యారన్‌లో, అంటే పొగాకు ఆరబెట్టే వేడి కొట్టంలో, కాల్చి దించిన ఆకు చేత్తో పట్టుకుంటే పొడైపోతుంది. రాత్రి తలుపులు తీసి పెడితే తెల్లారేసరికి మంచు తేమకి మెత్తబడి పదునుకొస్తుంది, అప్పుడే దాన్ని కదిపి, తర్వాత గ్రేడు చేసి, మండె వేస్తారు, అంటే కుప్పగా పేర్చి పెడతారు. పదును తక్కువైతే ఆకు విరిగిపోతుంది. ఎక్కువైతే మండె లోపల వేడెక్కి, ఆకు నల్లబడి, బూజు పడుతుంది. మా నాన్న పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే మండె మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేవారు. లోపల వెచ్చగా తగిలితే చాలు, ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి మండె తిరగెయ్యాల్సిందే. ఒక్క పూట బద్ధకిస్తే వేలం కేంద్రంలో ఆ బేలును ఎవరూ పాడక నో బిడ్ అయ్యేది, ఏడాది కష్టం వాపసు బండెక్కేది. తేమంటే ఇష్టపడే పొగాకుకే ఇంత కాపలా కావాలి.

గంజాయి సంగతి వేరు. అందులో వాడేది ఆకు కాదు, ఆడ మొక్క పూత. ఆ గుత్తులు గట్టిగా, ఒత్తుగా ఉంటాయి, పైన బాగా ఎండినట్టు కనపడినా లోపలి కాడలో తేమ మిగిలి, మూసిన డబ్బాలో పెట్టాక మెల్లగా బయటకొస్తుంది. చుట్టలోనో సిగార్‌లోనో ఆకులు పొరలు పొరలుగా చుట్టి ఉంటాయి, వాటిని నెలలూ ఏళ్లూ తేమలో ఉంచి రుచి నెమ్మదించేలా చేస్తారు. గంజాయి పూతను ఎండబెట్టి, ఆ తర్వాత కొన్ని వారాలు సీసాల్లో మాగబెట్టడంతో దాని పని అయిపోతుంది, ఆపైన దానికి అదనపు తేమ ఇచ్చినందువల్ల వచ్చే లాభం ఏమీ లేదు. అమెరికాలో ప్రమాణాలు తయారుచేసే ఏఎస్‌టీఎం అనే సంస్థ 2018లో ఎండు గంజాయి పూత వాటర్ యాక్టివిటీ 0.55 నుంచి 0.65 మధ్య ఉండాలని పెట్టింది. మామూలు భాషలో చెప్పాలంటే, దాన్ని ఒక మూసిన డబ్బాలో పెడితే లోపలి గాలి తేమ 55 నుంచి 65 శాతం మధ్యలో నిలవాలి. సిగార్ పెట్టె మొదలయ్యేదే 65 దగ్గర! తేమ సర్దుబాటు చేసే చిన్న పొట్లాలు అమ్మే కంపెనీలు కూడా గంజాయికైతే 58, 62 అనీ, సిగార్లకైతే 65, 69, 72 అనీ విడివిడిగా అమ్ముతాయి. ఈ ఒక్క తేడా మీ పేజీలో ఒక్క వాక్యంలో రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

ఐదు పది శాతం తేడాకే ఇంత గోల ఎందుకని అడగొచ్చు. బూజుకి ఆ ఐదు పది శాతమే కావాలి. 70 శాతం దాటుతుండగానే పొడిని తట్టుకునే కొన్ని రకాల బూజులు మొదలవుతాయి. 80 దాటితే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ లాంటివి హాయిగా పెరుగుతాయి. పెట్టెలో తేమ కొలిచే మీటర్ 70 చూపిస్తోందంటే పెట్టెంతా 70 ఉందని కాదు. తేమ కోసం పెట్టెలో ఉంచి నీళ్లు పోసే స్పాంజి పక్కన ఎక్కువ, మూల కొంచెం తక్కువ, రాత్రి చలికి పెట్టె చల్లబడితే అదే గాల్లో తేమ శాతం ఇంకా పైకెళ్తుంది. ఈ ఫ్లేవస్ మన రైతులకి పేరు తెలియకపోయినా పని తెలుసు, వేరుశనగలో, మొక్కజొన్నలో, మిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేసేది అదే. మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో శాస్త్రవేత్తలు దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి, పరీక్ష చేసే కిట్లు కూడా తయారుచేశారు. తినే వేరుశనగ విషయంలోనే ఇంత జాగ్రత్త పడుతున్నప్పుడు, నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీల్చే దాని విషయంలో ఎంత పడాలి?

ఇది నాకు సొంత ఇంట్లో ఎదురైంది. మా అక్క కాల్గరీలో ఉంటుంది. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి పెద్దవాళ్లకి చట్టబద్ధం, వైద్యానికైతే అంతకంటే చాలా ముందు నుంచే ఇస్తున్నారు. అక్కకి రొమ్ము క్యాన్సర్‌కి కీమో జరుగుతున్నప్పుడు వాంతులు ఎంతకీ తగ్గక, అన్నం ముద్ద చూస్తేనే లేచి వెళ్లిపోయే స్థితికి వస్తే, అక్కడి డాక్టరు చీటీ రాసిచ్చారు. కాల్గరీ చలికాలంలో హీటర్లకి ఇంట్లో గాలి బాగా పొడిబారుతుంది, తెచ్చుకున్నది డబ్బాలో ఎండి పొడిపొడి అయిపోతోందని బావగారికి దిగులు. ఆయన ఆఫీసులో ఎవరో ఎప్పుడో బహుమతిగా ఇచ్చిన సిగార్ హ్యూమిడార్ ఒకటి అటక మీద ఖాళీగా ఉంటే దించి, స్పాంజికి నీళ్లు పోసి, పూతంతా అందులో సర్దేశారు. భార్య మందు పాడవకూడదని ఆయన పడ్డ తాపత్రయమే తప్ప అందులో ఇంకేమీ లేదు.

ఒక రోజు వీడియో కాల్‌లో అక్క మాటల మధ్యలో, ఈ పెట్టెలో పెట్టాక చాలా మెత్తగా ఉందే, తెల్లగా మెరుస్తోంది కూడా, అంది. మెత్తగా అనేసరికి నాకు టెన్షన్ మొదలైంది. "అక్కా, ఫోన్ దగ్గరగా పెట్టు, కిందిది ఒకటి తీసి లైటు దగ్గర తిప్పు" అన్నాను. "తెలుపు ఉండటం మంచిదేగా, ప్యాకెట్ తెరిచినప్పుడూ ఉంది" అంటుంది తను. పైన ఉన్నవాటి మీది తెలుపు నిజంగా మంచిదే, అవి జిగురు గ్రంథులు, మందు గుణమంతా వాటిల్లోనే ఉంటుంది, దీపం ముందు తిప్పితే ఒక్కొక్క గింజా విడివిడిగా తళుక్కుమంటుంది. స్పాంజి పక్కన అడుగున ఉన్నదాని మీది తెలుపు అలా మెరవలేదు. బూడిద కలిసిన తెలుపు, సన్నని పోగులు, ఒక గుత్తి నుంచి పక్క గుత్తికి అల్లుకుపోయి ఉన్నాయి. వాసన చూడకు అని నేను అరిచేలోపే ముక్కు దగ్గర పెట్టుకుని, తడిసిన గోనె కంపు వస్తోంది అంది. అప్పటికి తనకి తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. గుడికి, పెళ్లికి కాదు కదా, పక్కింటికి కూడా మాస్కు లేకుండా వెళ్లొద్దని డాక్టర్లు చెప్పిన రోజులవి.

బావగారు నమ్మలేదు. "మీటర్ 64 చూపిస్తోందమ్మా, లిమిట్‌లోనే ఉంది కదా" అన్నారు. ఆ పెట్టెలతో వచ్చే గుండ్రటి ముల్లు మీటర్లను సిగార్ వాళ్లే ఊరికే నమ్మరు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా కొద్దిగా నీళ్లు కలిపి, మీటర్‌తో పాటు గాలి చొరబడని కవర్లో పెట్టి రాత్రంతా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర ఆగుతుంది, ఇది భౌతికశాస్త్రం, ఉప్పు ఏ కంపెనీదైనా అంతే. ఆయన మీటర్ మర్నాడు పొద్దున 66 దగ్గర నిలబడింది. అంటే 64 అని చూపించినప్పుడు పెట్టెలో నిజంగా ఉన్నది 73 దాకా. మొత్తం పారేయించాను, పెట్టెతో సహా. డాక్టర్‌కి చెప్తే ఆవిడ, పొగ రూపంలో అసలు వద్దని, నోటితో వేసుకునే క్యాప్సూల్‌కి మార్చారు. అక్క చికిత్స పూర్తయింది, ఇప్పుడు బాగుంది. కానీ ప్రతి పేషెంటుకీ హైదరాబాద్‌లో ఒక ల్యాబ్ చెల్లెలు ఉండదు కదా ఎడిటర్ గారూ.

ఇవన్నీ ఒక అక్క గురించి భయపడ్డ చెల్లెలి మాటలుగా తీసిపారేయకండి. 1988లోనే చెస్ట్ అనే వైద్య పత్రికలో ఒక కేసు అచ్చయింది, ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న రోగి ఆస్పర్జిల్లస్ ఉన్న గంజాయి తాగి, ఆ ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తులకు సోకి చనిపోయారు. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ డాక్టర్లు ఉత్తర కాలిఫోర్నియా దుకాణాల్లోని 20 శాంపిళ్లు పరీక్షించి, వాటిల్లో రకరకాల బ్యాక్టీరియా, ఫంగస్ జాడలు కనిపించాయని, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దూరంగా ఉండాలని హెచ్చరించారు. కాలిఫోర్నియా ప్రభుత్వం పీల్చే రకం గంజాయిలో నాలుగు ఆస్పర్జిల్లస్ జాతులు, ఫ్లేవస్, ఫ్యూమిగేటస్, నైగర్, టెర్రియస్, అసలు ఉండకూడదని రూలు పెట్టింది. మంటలో అన్నీ చచ్చిపోతాయి కదా అని మా ల్యాబ్‌లోనే ఒక కొత్త కుర్రాడు అడిగాడు. కాలే కొస దగ్గర చస్తాయి, కానీ పీల్చే గాలి ఆ వెనకున్న కాలని భాగంలోంచి వస్తుంది, కంటికి కనపడని బూజు బీజాలు అందులో కొట్టుకొస్తాయి.

ఇక మన ఊరి సంగతి. 2021 మేలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బ్లాక్ ఫంగస్ రోగుల బంధువులు ఎలా పడిగాపులు కాశారో హైదరాబాద్ వాళ్లెవరూ మర్చిపోలేదు. అది వేరే ఫంగస్, నేను ఒప్పుకుంటాను. కానీ షుగర్ ఉండి, స్టెరాయిడ్లు వాడిన ఒంట్లోకి మామూలుగా గాల్లో తిరిగే ఫంగస్ దూరితే ఏమవుతుందో ఈ నగరం కళ్లారా చూసింది. మన దగ్గర షుగర్ లేని ఇల్లు అరుదు. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్ల ఊపిరితిత్తుల్లో మిగిలిపోయిన గుంతల్లో ఆస్పర్జిల్లస్ చేరి ముద్దగా పెరగడం, ఒక రోజు దగ్గితే రక్తం పడటం, ఇది ఛాతీ డాక్టర్లకి తెలిసిన కథే. ఇలాంటి ఒళ్లున్న సమాజంలో బూజుకి అనువైన పెట్టెను తాజాదనం కోసం అని చూపించడం తప్పు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. హ్యూమిడార్ దేన్నీ శుభ్రం చేయదు. దాంట్లోకి వచ్చినదాంట్లో బీజాలుంటే వాటికి నీళ్లు పోసి పెంచుతుంది, అంతే. చట్టం ఉన్న చోట సరుకు ల్యాబ్ పరీక్ష దాటి వస్తుంది, అయినా ఇంట్లో నిల్వ తప్పితే మా అక్క ఇంట్లో జరిగినట్టు జరుగుతుంది. మన దగ్గర ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి వచ్చి పట్టుబడే గంజాయి ఫొటోలు మీరే వేస్తుంటారు, అదిమి అదిమి కట్టి, బ్రౌన్ టేపు చుట్టిన పొట్లాలు, పోలీసులు టేబుల్ మీద పేర్చి వెనక నిలబడతారు. అలా గాలి ఆడకుండా బిగించి, లారీల్లో, బస్సుల్లో ఎండకీ వానకీ తిరిగిన దాన్ని ఎవరు పరీక్షించారు? ఆగస్టులో హైదరాబాద్ గాల్లో తేమ 80 శాతం దాకా ఉంటుంది. మీ పేజీ చూసి ఏ కాలేజీ కుర్రాడో ఆన్‌లైన్‌లో ఒక సిగార్ పెట్టె తెప్పించుకుని, అలాంటి సరుకు దాంట్లో పెట్టి స్పాంజికి నీళ్లు పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. వాసన బయటకు రాదని కూడా మీరు రాశారు. అది ఇంట్లో అమ్మానాన్నలకి తెలియకుండా దాచాలనుకునే పిల్లాడికి చిట్కా అందించినట్టయింది. పైగా అది నిజం కూడా కాదు. హ్యూమిడార్‌ను పూర్తిగా గాలి చొరబడకుండా చేయరు, కొంచెం గాలి ఆడాలనే తయారుచేస్తారు. ఆ కలప వాసన పూతకి పడుతుంది, పూత వాసన కలపకి పట్టి ఎన్ని రోజులైనా పోదు. కొన్ని పెట్టెల స్పాంజికి నీళ్లతో పాటు ప్రొపైలిన్ గ్లైకాల్ కలిపిన ద్రావణం పోస్తారు, అదీ 70 శాతం దగ్గర ఆపడానికే లెక్క కట్టింది.

పైన అద్దం మూత ఉన్న పెట్టెను కిటికీ పక్కన పెట్టిన ఫొటో వేశారు. గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని అన్నిటికంటే ఎక్కువ పాడుచేసేది వెలుతురు. 1976లో లండన్ పరిశోధకులు దీన్ని పరీక్షించి, సరిగ్గా తయారైన సరుకు చీకట్లో, గది వేడిలో ఉంటే ఒకటి రెండేళ్లు పెద్దగా చెడదని చెప్పారు. కాబట్టి చట్టం ఒప్పుకున్న దేశంలో డాక్టర్ చెప్పి వాడేవాళ్లకి కావాల్సింది దుకాణం వాళ్లు ఇచ్చిన ఒరిజినల్ డబ్బా, లేదా బిగుతు మూత ఉన్న గాజు సీసా, చీకటి అల్మరా, అంతే. దానికి వేలకు వేలు పోసి చెక్క పెట్టె కొనక్కర్లేదు. కెనడాలో ఆ డబ్బాలు పిల్లలు తెరవలేని మూతతోనే అమ్మాలని రూలు. హ్యూమిడార్ మూత మూడేళ్ల పిల్లైనా ఎత్తుతుంది, తాళం ఉన్నా తాళంచెవి దానికే వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో పెట్టె ఉంటే పూతతో పాటు గంజాయి కలిపిన జెల్లీ బిళ్లలు కూడా అందులోకే చేరతాయి. అమెరికాలో ఆరేళ్ల లోపు పిల్లలు అలాంటి తినుబండారాలు తిన్న కేసులు అక్కడి పాయిజన్ సెంటర్లకి 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి. మనవళ్లని చూసుకోవడానికి ఇక్కడి నుంచి వెళ్లే అమ్మమ్మలకి, నానమ్మలకి ఆ బిళ్ల చాక్లెటో మందో ఎలా తెలుస్తుంది?

చట్టం మాట మీ పేజీలో ఎక్కడా లేకపోవడం నాకు మింగుడు పడలేదు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ప్రకారం గంజాయి పూత దగ్గర ఉంచుకోవడమే నేరం, అందమైన పెట్టెలో ఉన్నా పేపర్ పొట్లంలో ఉన్నా. కిలో లోపు అయితే ఏడాది దాకా కఠిన జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ, 20 కిలోలు మించితే పదేళ్లకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ల దాకా. తాగినందుకు వేరే సెక్షన్ ఉంది. బ్యాంకాక్ నుంచి హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచిన) గంజాయి తెచ్చి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దొరికిపోయిన వాళ్ల వార్తలు మీ మొదటి పేజీలోనే వస్తున్నాయి, ఆదివారం పేజీలో మాత్రం ఆ ఊసే లేదు. అమెరికాలోనూ కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నా కేంద్ర చట్టం ఇంకా ఒప్పుకోలేదు, వీసాలు చూసేది కేంద్రమే. హెచ్‌1బీ మీద ఉన్న పిల్లలు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న వాళ్లు, మా రాష్ట్రంలో తప్పు కాదు కదా అని అధికారి ముందు ఒప్పుకుంటే ఇమ్మిగ్రేషన్ దగ్గర ఇరుక్కోవచ్చు. పిల్లల్ని అప్పు చేసి పంపిన తల్లిదండ్రులు చదివే పేపర్ మీది, ఈ ఒక్క ముక్క వాళ్లకి ఎంత అవసరమో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ డాక్టర్ సలహాతో వాడాలనుకునే నొప్పి పేషెంట్లకైతే ఆయుష్ లైసెన్సుతో విజయ ఆకు (ఆయుర్వేదంలో గంజాయి మొక్క ఆకుకి ఉన్న పేరు) నుంచి చేసిన మందులు ప్రిస్క్రిప్షన్ మీద దొరుకుతున్నాయి, సీల్ వేసిన సీసాల్లో, బ్యాచ్ నంబరుతో. వాళ్లు తమ డాక్టర్‌నే అడగాలి, మా ల్యాబ్‌ని కాదు, ఆదివారం పేజీని అసలే కాదు.

నేను కోరేది ఇది. అదే అనుబంధంలో, అదే సైజులో, ఫొటో లేకపోయినా పర్లేదు, ఒక సవరణ వేయండి. సిగార్ పెట్టె తేమ గంజాయి పూతకి ఎక్కువని, బూజు పట్టినది కీమోలో ఉన్నవాళ్లకి, స్టెరాయిడ్లు వాడేవాళ్లకి, షుగర్, పాత టీబీ ఉన్నవాళ్లకి ప్రాణం మీదకి తెస్తుందని, పిల్లలకి అందే చోట ఏదీ పెట్టకూడదని, మన దేశంలో దగ్గర ఉంచుకోవడమే నేరమని, ఈ నాలుగు మాటలూ సూటిగా రాయండి. లోపలి పేజీలో మూల చిన్న అక్షరాల్లో కాకుండా. ఆదివారం పేజీ చూసినవాళ్లు ఆదివారం పేజీయే చూస్తారు. ఇకపై ఒంటికి సంబంధించిన ఏ చిట్కా అయినా అచ్చుకి వెళ్లేముందు ఒక డాక్టరో ఒక ల్యాబ్ మనిషో చదివేలా చూడండి. అలాంటి పేజీ ఎప్పుడు పంపినా డ్యూటీ అయ్యాక రాత్రి కూర్చుని చదివి పెడతాను, డబ్బులేమీ అక్కర్లేదు. నా పేరు, ఫోన్ నంబరు వేరే కాగితం మీద రాసి జత చేశాను, అవి మాత్రం అచ్చు వేయకండి.

ఇట్లు,
మైక్రోబయాలజీ ల్యాబ్ ఉద్యోగిని,
విద్యానగర్, హైదరాబాద్